జగ్‌టౌన్ కుండల కథ

రసాయన శాస్త్రం చదువుకునేవాడికి కుండల గొడవ ఎందుకని మిత్రులు కొందరు అడగవచ్చు. కుమ్మరి ఆవాన్ని మించిన ప్రయోగశాల ఇంకొకటి లేదని నా అభిప్రాయం. మన లాబొరేటరీలో ప్రయోగం చెడిపోతే పక్కవాడి రికార్డు చూసి అంకెలు వేసుకోవచ్చు. (లెక్చరర్లు ఈ వాక్యాన్ని చదవకుండా వదిలేయగలరు.) ఆవంలో ప్రయోగం చెడిపోతే నెలరోజుల చాకిరీ పెంకుల పాలవుతుంది. పైగా అక్కడ థర్మామీటరు ఉండదు, త్రాసు ఉండదు, రాసిపెట్టిన ఫార్ములా అసలే ఉండదు. మంట రంగు చూసి లోపల ఎంత వేడి ఉందో చెప్పాలి.

ఇలాంటి ఆవాలు రెండు వందల ఏళ్ళకు పైగా మండుతూ వస్తున్న ప్రాంతం ఒకటి అమెరికాలో ఉంది. అమెరికా అనగానే ఆకాశాన్నంటే మేడలు, మోటారు కార్లు, చంద్రుడి మీద దిగిన మనిషి గుర్తుకొస్తారు గాని, అక్కడ కూడా కుమ్మరులు ఉన్నారనీ, వాళ్ళ పొట్ట మీద కూడా సీసాలూ రేకుడబ్బాలూ కొట్టాయనీ మనలో చాలామందికి తెలియదు. నార్త్ కరొలైనా రాష్ట్రంలోని జగ్‌టౌన్ అనే కుండల కార్ఖానా ఎలా పుట్టింది, ఎందుకు మూతబడింది, మళ్ళీ ఎలా తెరుచుకుంది అనేది ఇక్కడ నేను చెప్పదలచుకున్న సంగతి.

ఆ రాష్ట్రం నడిమధ్య కొండలకూ సముద్రతీరానికీ మధ్యనున్న మెట్ట ప్రాంతంలో మూర్, రాండాల్ఫ్ అని రెండు జిల్లాలు పక్కపక్కన ఉన్నాయి. అక్కడ మంచి బంకమట్టి దొరుకుతుంది. 18వ శతాబ్దంలో వలస వచ్చి స్థిరపడిన ఇంగ్లీషు కుటుంబాలలో కుండలు చేయడం తెలిసినవాళ్ళు కొందరు ఉన్నారు. కోల్, క్రేవెన్, టీగ్, ఓవెన్, ఫాక్స్ - ఈ ఇంటిపేర్లే తరతరాలుగా వినిపిస్తాయి. మనకు ఉన్నట్టు కులం అనేది అక్కడ లేకపోయినా పని మాత్రం తండ్రి నుంచి కొడుక్కీ, మామ నుంచి అల్లుడికీ వెళ్ళింది. ఓవెన్ వంశంలో కొందరు తమ పేరు చివర 'స్' చేర్చి ఓవెన్స్ అని రాసుకుంటారు, కొందరు రాసుకోరు. అందరూ చుట్టాలే. ఆ ప్రాంతానికి ముఖ్యమైన ఊరు సీగ్రోవ్. రైల్వే ఉద్యోగి సీగ్రోవ్స్ పేరు ఊరికి పెట్టబోతే స్టేషన్ బోర్డు మీద ఆఖరి అక్షరానికి చోటు చాలక సీగ్రోవ్ అయిందని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. నిజమో కాదో గాని బోర్డులు రాసేవాళ్ళు అన్ని దేశాల్లోనూ ఒకటే అనిపిస్తుంది.

వీళ్ళు ముందు రైతులు, తర్వాతే కుమ్మరులు. పంట చేతికొచ్చి పొలంలో పని లేని రోజుల్లో సారె తిప్పేవాళ్ళు. బళ్ళ మీద సామాను వేసుకుని ఊళ్ళమ్మట తిరిగి అమ్మేవాళ్ళు. వ్యవసాయం ఇంట్లో పుట్టినవాళ్ళకు దీనికి వ్యాఖ్యానం అక్కర్లేదు. వర్షం ఎగ్గొట్టిన ఏడు ఇంకో ఆధారం ఏదో ఒకటి ఉండాలి కదా! మట్టి తొక్కే యంత్రాన్ని కంచరగాడిద చేత గానుగలా తిప్పించేవాళ్ళు. 1849-54 మధ్య ఆ ప్రాంతం గుండా ఫేయెట్‌విల్ పట్టణం నుంచి 129 మైళ్ళ పొడవున చెక్కపలకలతో బండ్లదారి ఒకటి వేశారు. బురదలో దిగబడకుండా కుండల బళ్ళు దూరపు బజార్లకు వెళ్ళడానికి అది ఎంతో సాయపడింది.

మొదట్లో వాళ్ళు చేసింది తక్కువ వేడిలో కాలే ఎర్రమట్టి సామాను. అది నీళ్ళు పీల్చుకుంటుంది. అంచేత పైన సీసం కలిపిన గ్లేజు, అంటే గాజులా కరిగి అంటుకునే పూత, వేసేవాళ్ళు. 19వ శతాబ్దం మొదటి సగంలో స్టోన్‌వేర్ వచ్చింది. మామూలు కుండకూ మన ఆవకాయ జాడీకీ ఉన్న తేడాయే ఈ రెండింటికీ ఉన్న తేడా అనుకోండి. స్టోన్‌వేర్ మట్టిని ఎక్కువ వేడిలో కాల్చడం వల్ల రేణువుల మధ్య ఖాళీలు పూడిపోయి రాయిలా బిగుస్తుంది. పుల్లటి వస్తువులు పోసినా, ఉప్పు వేసినా దానికేమీ కాదు. పాలకుండలు, వెన్న చిలికే పొడుగాటి బానలు, ఉప్పువేసిన మాంసం దాచుకునే జాడీలు, మొలాసిస్ పోసుకునే పాత్రలు, అన్నిటికన్నా ముఖ్యంగా విస్కీ పోసే సన్నమూతి జగ్గులు చేసేవాళ్ళు. మొక్కజొన్నను బస్తాలతో మోసుకెళ్ళే కన్నా సారాగా మార్చి తీసుకెళ్తే బరువు తక్కువ, రాబడి ఎక్కువ. ఇది కూడా రైతు లెక్కే. చివరికి సమాధుల మీద పెట్టే గుర్తురాళ్ళు కూడా మట్టితోనే చేసేవాళ్ళు.

ఇక నన్ను ఈ విషయంలోకి లాగిన అసలు సంగతికి వస్తాను. స్టోన్‌వేర్ మీద వాళ్ళు వేసిన పూత ఉప్పుపూత. నిజానికి 'వేసిన' అనడం కూడా తప్పే, కుంచెతో పూసేదీ కాదు, ముంచి తీసేదీ కాదు. ఆవం నేలలోకి సగం పూడ్చిన పొడవాటి సొరంగంలా ఉంటుంది. నేలలో బొరియ తవ్వుకునే ఒక జంతువు పేరు మీద దానికి గ్రౌండ్‌హాగ్ ఆవం అని పేరు. ఒక కొసన పొయ్యి, రెండో కొసన పొగగొట్టం. మనిషి పాక్కుంటూ లోపలికి పోయి కుండలు పేర్చి రావాలి. పైన్ కట్టెలతో మంటవేసి గంటల తరబడి ఎగదోస్తారు. లోపల వేడి సుమారు 1250 డిగ్రీల సెంటీగ్రేడుకు చేరేసరికి ఎరుపు పోయి తెల్లటి వెలుగు వస్తుంది. అప్పుడు కప్పులో ఉన్న కన్నాల గుండా ఉప్పు విసురుతారు. మనం కూరలో వేసుకునే ఉప్పే. ఉప్పు 801 డిగ్రీల దగ్గరే కరుగుతుంది కాబట్టి అంత వేడిలో దాని ఆవిరి ఆవమంతా కమ్ముకుంటుంది. కట్టెల మంటలో నీటి ఆవిరి ఎలాగూ ఉంటుంది. ఈ రెండూ కలిసినప్పుడు ఉప్పులోని క్లోరిన్ హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరిగా మారి పొగగొట్టం దారి పడుతుంది. సోడియం మాత్రం కుండ మీదే నిలిచి మట్టిలోని సిలికానూ అల్యూమినానూ పట్టుకుని అక్కడికక్కడే గాజుగా మారుతుంది.

అంటే పూతలో సగం ఉప్పుదైతే మిగతా సగం కుండ తన ఒంట్లోంచి ఇచ్చిందన్నమాట. ఆ పూత గోటితో గీకితే రాదు, పెచ్చులూడదు. తాకితే నారింజపండు తొక్కలా సన్నగా గరుకుగా ఉంటుంది. ఒకే ఆవంలో పెట్టిన రెండు జగ్గులు ఒకలా ఉండవు. మంటకు ఎదురుగా ఉన్న పక్క ఒక రంగు, వెనకపక్క ఇంకో రంగు. కప్పు నుంచి కరిగి జారిన ఆకుపచ్చ గాజుచుక్క ఒక్కోసారి భుజం మీద పడి గట్టిపడుతుంది. అప్పటి కుమ్మరి దాన్ని లోపమనుకున్నాడేమో గాని ఈ కాలంలో కొనేవాళ్ళు ఆ చుక్క ఉన్న కుండనే వెతుక్కుంటారు. ఉప్పు చాలిందా లేదా అన్నది తెలుసుకోడానికి నమూనా ముక్కల్ని ఇనపచువ్వతో బయటికి లాగి చూస్తారు. ఆ చూసే కన్ను ఒక్కరోజులో రాదు. అక్కడి భాషలో సారె తిప్పేవాడికి ఒక పేరు, ఆవం కాల్చేవాడికి వేరే పేరు ఉండటం ఊరికే కాదు.

అంత ముదిరిన విద్య ఒక్క తరంలో చావుబతుకుల్లో పడింది. మేసన్ అనే ఆయన 1858లో మరమూత ఉన్న గాజుసీసాకు పేటెంటు తీసుకున్నాడు. ఆ సీసాలు నెమ్మదిగా ప్రతి వంటింట్లోకీ వచ్చాయి. రేకుడబ్బాలు వచ్చాయి. పాలు కేంద్రాలకు పోవడం మొదలయ్యాక ఇంట్లో వెన్న చిలికేవాళ్ళు తగ్గిపోయారు. అయినా విస్కీ జగ్గు మిగిలింది. 1908లో నార్త్ కరొలైనా ప్రజలు ఓటువేసి మద్యనిషేధం తెచ్చుకున్నారు. 1909 జనవరి 1 నుంచి అది అమలైంది. 1920 నుంచి దేశమంతటికీ నిషేధం వచ్చింది. దొంగసారా ఎక్కడైనా ఉండేదే గాని, బజారులో బాహాటంగా జగ్గులు కొనే బేరం పోయింది. కుమ్మరుల కొడుకులు మిల్లుల్లో పనికీ, రంపపుకోత పనికీ పోయారు.

ఈ పరిస్థితిలో రాష్ట్ర రాజధాని రాలీ నుంచి జాక్వెస్ బజ్బీ, జూలియానా బజ్బీ అనే దంపతులు రంగంలోకి దిగారు. భర్త చిత్రకారుడు. భార్యకు కూడా కళల మీద ఆసక్తి మెండు. 1915 ప్రాంతంలో లెక్సింగ్టన్ పట్టణంలో జరిగిన జిల్లా ప్రదర్శనలో మెరిసే నారింజ రంగు మట్టిపళ్ళెం ఒకటి ఆమె కంటబడిందట. పల్లెవాళ్ళు అలాంటి పళ్ళాలలో పైలు కాల్చుకునేవాళ్ళు. వాటిని వాళ్ళు పిలిచే మాటకు అర్థం 'మన్ను పళ్ళెం' అని. ఆ పళ్ళెం ఎక్కడ పుట్టిందో వెతుక్కుంటూ దంపతులు మూర్ జిల్లాకు చేరారు. ఊళ్ళో ముసలి కుమ్మరులను కదిలిస్తే, పట్నం వాళ్ళకు ఈ మోటు సామాను ఎందుకని వాళ్ళు ఆశ్చర్యపోయారు. జె.హెచ్. ఓవెన్ వంటి కొద్దిమంది 1917 నాటికి వాళ్ళకు కుండలు చేసిపెట్టారు. జూలియానా న్యూయార్క్‌లో గ్రీనిచ్ విలేజ్ అనే పేటలో టీగది తెరిచి అందులో వాటిని పెట్టి అమ్మింది. పల్లెలో విస్కీ పోసుకునే జగ్గు న్యూయార్క్‌లో పూలగుత్తికి పనికొచ్చింది!

1921లో వాళ్ళు అక్కడే స్థలం తీసుకుని దుంగలతో ఇళ్ళు, పనిశాల కట్టించి దానికి జగ్‌టౌన్ అని పేరు పెట్టారు. కుమ్మరులు ఎక్కువగా ఉండే ఏ పల్లెనైనా జనం కాస్త వేళాకోళంగా అనే మాట అది. పాత కుమ్మరులు తమ పద్ధతి మార్చుకోరని గ్రహించి బజ్బీలు కుర్రవాళ్ళను చూసుకున్నారు. మొదట చార్లీ టీగ్, తర్వాత 1923లో బెన్ ఓవెన్. బెన్ 1904లో పుట్టాడు. అంటే అప్పటికి వయసు మనలాగే ఇరవైకి అటూ ఇటూ. తండ్రి కుమ్మరే. జాక్వెస్ అతణ్ణి వెంటబెట్టుకుని తూర్పుతీరపు నగరాల మ్యూజియాలకు తీసుకెళ్ళి చైనా, కొరియా, జపాన్ దేశాల పాత కుండలు చూపించాడు. తిరిగొచ్చి బెన్ సారె మీద ఆ ఆకారాలు తీశాడు. నార్త్ కరొలైనా మట్టి, చైనా భుజాలు, కొత్త గ్లేజులు. వాటి పేర్లు కూడా తమాషాగా ఉంటాయి. ఒకదాన్ని 'కప్పచర్మం' అన్నారు. న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీ దగ్గర దొరికే ఇనుము కలిసిన మట్టిని పూసి దానిమీద ఉప్పు పట్టిస్తే వచ్చే చుక్కల ఆకుపచ్చ అది. (ఆ మట్టి తవ్వకం 1980లలో ఆగిపోయింది.) ఇంకొక గోధుమరంగు పేరు 'పొగాకు ఉమ్మి'. ఆ పేరు పెట్టినవాళ్ళకు మార్కెటింగ్ తెలియదని ఎవరూ అనుకోవద్దు, అది కూడా బాగానే అమ్ముడుపోయింది.

అన్నిటికన్నా పేరొచ్చింది 'చైనా నీలం'. అందులో రంగునిచ్చేది రాగి. గాలి బాగా ఆడిన చోట రాగి ఆక్సైడుగా ఉండి నెమలికంఠం రంగు ఇస్తుంది. పొగ కమ్మి ఆక్సిజన్ అందని చోట అదే రాగి ఆక్సిజన్‌ను పోగొట్టుకుని ఎరుపెక్కుతుంది. అందువల్ల ఒకే కూజా మీద నీలంలో ఎర్రటి మరకలు మేఘాల్లా పరుచుకుంటాయి. మన ఇనార్గానిక్ ప్రాక్టికల్స్‌లో ఆక్సీకరణం, క్షయకరణం అని బట్టీపట్టే రెండు మాటలూ ఆ కూజా మీద పక్కపక్కనే కంటికి కనిపిస్తాయి. ఏ మరక ఎక్కడ పడుతుందో మాత్రం ముందు చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఇక్కడొక వాదం ఉంది. బజ్బీలు సంప్రదాయాన్ని నిలబెట్టారా, లేక తమకు నచ్చిన సంప్రదాయాన్ని తయారుచేశారా? చైనా ఆకారాలు మూర్ జిల్లాకు ఎప్పటివి? దుంగల ఇళ్ళు, కంచరగాడిద, పట్నపు అతిథులు - ఇదంతా పల్లె నాటకమని విమర్శించినవాళ్ళు లేకపోలేదు. నేను ఆలోచించినంతలో ఆ విమర్శలో నిజం ఉంది గాని అది మరీ పెద్ద తప్పుగా నాకు తోచదు. పాత జగ్గును అలాగే చేస్తూ కూర్చుంటే కొనేవాడు లేడు. అదే జిల్లాలో పైన్‌హర్స్ట్ అనే విహారస్థలానికి గోల్ఫు ఆడటానికి వచ్చే ధనవంతులు ఉన్నారు. వాళ్ళకు కావలసింది పూలకుండీలు, టీ సెట్టులు, కొవ్వొత్తి స్తంభాలు. అవి చేశారు, చేయి పని మరచిపోకుండా నిలబడింది. నాకు కొరుకుడుపడని విషయం వేరే ఉంది. కుండ అడుగున వేసిన ముద్ర 'జగ్‌టౌన్ వేర్' అని మాత్రమే. సారె తిప్పిన మనిషి పేరు దానిమీద లేదు. పత్రికల్లో, ప్రదర్శనల్లో బజ్బీల పేరు మోగింది. బెన్ ఓవెన్ దాదాపు 36 ఏళ్ళు అక్కడ జీతానికి పనిచేశాడు.

1947లో జాక్వెస్ పోయాడు. జూలియానా, బెన్ కలిసి ఇంకో పన్నెండేళ్ళు నడిపారు. ఆమె వృద్ధురాలై ఆరోగ్యం చెడిన రోజుల్లో ఆస్తి ఎవరికి చెందాలన్న తగాదా కోర్టుకెక్కింది. 1959లో జగ్‌టౌన్ మూతబడింది. బెన్ ఓవెన్ బయటికి వచ్చి దగ్గర్లోనే 'ఓల్డ్ ప్లాంక్ రోడ్' పేరుతో సొంత కార్ఖానా పెట్టుకున్నాడు. ఆ చెక్కదారి పేరే అది. అప్పుడు తన కుండల మీద వేసుకున్న ముద్ర 'బెన్ ఓవెన్, మాస్టర్ పాటర్' అని. ఏబై అయిదో ఏట ఒక పనివాడు తన పని మీద మొదటిసారి తన పేరు అచ్చువేసుకోవడం చిన్న విషయమని నేననుకోను.

1960లో జాన్ మారే అనే కొత్త యజమాని జగ్‌టౌన్‌ను మళ్ళీ తెరిచాడు. పనికి కుదిరిన కుర్రవాడు వెర్నన్ ఓవెన్స్, 1941లో పుట్టినవాడు. మొదట్లో బజ్బీలకు కుండలు చేసిపెట్టిన జె.హెచ్. ఓవెన్‌కు మనవడు. చిన్నప్పటి నుంచీ తండ్రి కార్ఖానాలో మట్టిలోనే పెరిగాడు. 1962లో జూలియానా పోయింది, మారే కూడా పోయాడు. యజమానులు మారిపోతున్నా వెర్నన్ సారె వదల్లేదు.

1968లో నాన్సీ స్వీజీ అనే ఆమె, కంట్రీ రోడ్స్ అనే లాభాపేక్ష లేని సంస్థ తరఫున జగ్‌టౌన్‌ను తీసుకుంది. ఆమె తనంతట తాను కుండలు చేయడం తెలిసిన మనిషి. ఆమె హయాంలోనే అసలైన చిక్కు వచ్చింది. అది సీసం.

సీసపు ఆక్సైడు 900 డిగ్రీల లోపే కరిగి, సిలికాను కూడా తనతో కరిగించుకుంటుంది. తక్కువ కట్టెలతో నున్నటి, నిగనిగలాడే పూత కావాలంటే అంత సులువైన పదార్థం మరొకటి లేదు. జూలియానాను ఆకర్షించిన ఆ నారింజ మెరుపు అంతా దానిదే. కాని పూత సరిగా కుదరకపోతే పుల్లటి పదార్థాలలోని ఆమ్లం సీసాన్ని కొద్దికొద్దిగా లాగి ఆహారంలో కలుపుతుంది. వినెగారు, టమాటా, యాపిల్ - వాళ్ళ వంటల్లో ఇవి లేనిదేది? మనకైతే చింతపండు పులుసనుకోండి. ఒంట్లో చేరిన సీసం ఎముకల్లో తిష్ఠవేస్తుంది, నరాలను దెబ్బతీస్తుంది, పిల్లలకు మరీ ప్రమాదం. పొడిని కలిపి పూసే కుమ్మరికి అంతకన్నా ముందే ప్రమాదం. 1970లలో అమెరికా ప్రభుత్వం తినే పాత్రల నుంచి ఊడే సీసానికి హద్దులు విధించింది.

ఇప్పుడు ఏం చేయాలి? జగ్‌టౌన్‌కు పేరు తెచ్చిన పూతే చట్టానికి విరుద్ధం అయ్యేలా ఉంది. పాతదే కావాలని పట్టుబట్టి అలంకారానికి మాత్రమే అమ్ముకోవచ్చు. స్వీజీ ఆ దారి పట్టకుండా సీసం లేని గ్లేజుల కోసం ప్రయోగాలు చేసింది. సీసం చేసే పని చేయడానికి ఇతర పదార్థాలు కలిపి, మోతాదులు మార్చి, కాల్చి చూసి, మళ్ళీ మార్చి కొత్త పూతలు కుదిర్చింది. రంగు అచ్చంగా పాతదానిలా రాలేదనేవాళ్ళు ఉంటారు. కాని ఆ గిన్నెలో నిర్భయంగా అన్నం తినవచ్చు. వంటసామాను చేసే పల్లె కార్ఖానాకు అంతకన్నా సంప్రదాయం ఏముంటుందో నాకు తెలియదు. నాకు ఈ కథలో అందరికన్నా ఆమే ఎక్కువ నచ్చింది. ఆమె కళాభిమానంతో వచ్చి, చివరికి ఒక రసాయన సమస్యను తీర్చింది. పని నేర్చుకోదలచిన యువతీయువకులకు అక్కడ శిక్షణ కూడా ఏర్పాటు చేసింది. కుమ్మరి ఇంటిపేరు లేనివాళ్ళకు సారె దగ్గర కూర్చునే అవకాశం అలా వచ్చింది. దక్షిణాది కుమ్మరుల గురించి ఆమె రాసిన 'రెయిజ్డ్ ఇన్ క్లే' అనే గ్రంథం 1984లో వెలువడింది.

అలా పని నేర్చుకోవడానికి 1977లో న్యూహాంప్‌షైర్ నుంచి వచ్చిన పమేలా లోరెట్ తర్వాత వెర్నన్‌ను పెళ్ళి చేసుకుని అక్కడే ఉండిపోయింది. 1983లో వెర్నన్ ఓవెన్స్ జగ్‌టౌన్‌ను కొన్నాడు. పట్నపు కళాభిమానులు పెట్టిన కార్ఖానా, కోర్టులూ సంస్థలూ దాటి, పుట్టిన అరవై ఏళ్ళకు అక్కడి కుమ్మరి చేతికి వచ్చింది. అదే ఏడు బెన్ ఓవెన్ కన్నుమూశాడు. అతని పేరే పెట్టుకున్న మనవడు బెన్ ఓవెన్ ది థర్డ్ సీగ్రోవ్ దగ్గర సొంత కార్ఖానాలో పేరుమోసిన కుమ్మరి అయ్యాడు.

1996లో వెర్నన్‌కు అమెరికా ప్రభుత్వ కళాసంస్థ నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్ ఇచ్చింది. జానపద కళాకారులకు ఆ దేశంలో అంతకన్నా పెద్ద గౌరవం లేదంటారు. 1998లో సీగ్రోవ్‌లో రాష్ట్ర కుండల కేంద్రం తెరిచారు. 1999లో జగ్‌టౌన్ ఆవరణను జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేర్చారు. ఒకప్పుడు వేళ్ళమీద లెక్కపెట్టగలిగినన్ని ఆవాలు మిగిలిన ఆ చుట్టుపక్కల ఇప్పుడు పదుల కొద్దీ కార్ఖానాలు ఉన్నాయి. వాటిలో పాత వంశాలవాళ్ళూ, ఎక్కడెక్కడి నుంచో వచ్చి స్థిరపడినవాళ్ళూ ఉన్నారు. వెర్నన్, పమేలాల కొడుకూ కూతురూ కూడా సారె పట్టారు. జె.హెచ్. ఓవెన్ నుంచి లెక్కవేస్తే జగ్‌టౌన్ కోసం మట్టి పిసికిన నాలుగో తరం అది.